సాలగ్రామయాత్రకు దేహసన్నాహము



నూట యెనిమిది దివ్యదేశములలో మన దక్షిణాదివారికి మిక్కిలి దూరమైనవి హిమవత్పర్వత క్షేత్రములు. వానిలో నేపాళదేశమున గండకీ ప్రాంతమున వెలసిన సాలగ్రామక్షేత్రము, నేటి వాడుకలో ముక్తినాథము, సముద్రమట్టమునకు సుమారు 3,750 మీటర్ల యెత్తున నున్నది. శ్రీమూర్తి యను తిరునామముతో భగవానుడును, శ్రీదేవి యను పేరుతో అమ్మవారును అచట వేంచేసియున్నారు. పెరియాళ్వారును, తిరుమంగై యాళ్వారును ఆ స్థలమును కీర్తించిరి. నూట యెనిమిది ధారల వైభవమును, గండకీ శిలల మాహాత్మ్యమును పెద్దలు అనేకులు ఇదివరకే వ్రాసియున్నారు. నేను దానిని తిరిగి చెప్పబోవుట లేదు. ఆ క్షేత్రమునకు నడచిపోవు దేహమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

"శరీరపు సంగతి చెప్పుటకు వైద్యులుండగా సంస్కృతపండితునికేమి పని?" యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని మన యిండ్లలో ఈ విషయము వైద్యుని గుమ్మము వరకు పోవుటయే లేదు. "అంతయు స్వామి చూచుకొనును" అను మాటకడనే ఆగిపోవుచున్నది. ఆ మాట నేనును అన్నవాడనే. 2017వ సంవత్సరమున మా బావగారితో కలిసి ముక్తినాథమునకు బయలుదేరిన నాడు అంటిని. అందువలన ఏమి జరిగినదో ముందు విన్నవించి, తరువాత శాస్త్రము మాట చెప్పుదును.

బావగారు మా అక్కగారి భర్త. అప్పటికాయనకు అరువదియారేండ్లు. ఏటేట అలిపిరి మెట్లదారిని నడచి కొండ యెక్కు నియమము గలవారు. ఆ మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లను ఎచటను కూర్చుండకుండ ఎక్కుదునని ఆయనకు కొంత అతిశయము కూడ ఉండెడిది. ఆ అతిశయమునకు ఆయన అర్హులే. కాని తిరుమల యెత్తు సముద్రమట్టమునకు వేయి మీటర్లకు లోపు. మెట్లు కాళ్లకు బలమిచ్చును, గుండెకు దార్ఢ్యమిచ్చును. పలుచని గాలిలో బ్రతుకుట మాత్రము నేర్పవు. ఈ భేదము మా యిరువురికిని తెలియదు. ఏడుకొండలు ఎక్కినవానికి ఎనిమిదవకొండ యొక లెక్కా యని నవ్వుకొనుచు బయలుదేరితిమి.

రైలులో ఒకటిన్నర దినము కూర్చుండి, గోరఖ్‌పూరులో దిగి, సునౌలి సరిహద్దు దాటి, రాత్రియంతయు బస్సులో కుదుపులు తిని పొఖరా చేరితిమి. పొఖరా యెత్తు సుమారు 820 మీటర్లు. మరునాడు తెల్లవారుజామున మమ్ము జీపు ఎక్కించి, సాయంకాలమునకు ముక్తినాథము చేరువనున్న రాణీపౌవా గ్రామమున దింపిరి. ఒక్క పగటిలో ఇంచుమించు మూడువేల మీటర్లు పైకి పోతిమన్నమాట. ఆనాడు దశమి. ఏకాదశి పుణ్యదినమున దర్శనమగునట్లు లెక్కకట్టి తెచ్చితిమని మమ్ము తీసికొనిపోయినవారు గర్వముగా చెప్పిరి. మేమును సంతోషించితిమి. బావగారు ఆ రాత్రియే భోజనము మానిరి. నీరు కూడ పుచ్చుకొనలేదు.

తల పట్టుకొని కూర్చుండగా ఏమని అడిగితిని. జీపు కుదుపనిరి. నడిరేయి రెండుమారులు వాంతియైనదట, నాకు చెప్పలేదు. చెప్పినచో దర్శనము తప్పిపోవునని భయము. చీకటితోనే లేచి ప్రాతస్సంధ్యకు కూర్చుండిరి. నేను చిన్ననాటినుండి ఆయన సంధ్య వినుచున్నవాడను. నిద్రలో లేపి అడిగినను కేశవాది నామములు ఇరువదినాలుగును తడబడక చెప్పగలవారు. ఆనాడు త్రివిక్రమనామము వరకు వచ్చి, మరల గోవిందనామమునకు పోయిరి. రెండవమారును అట్లే. మూడవమారు వామననామముకడ ఆగి, నావంక చూచి, "తరువాతిదేదిరా?" అనిరి. లేచి నిలువబోయి గోడకు ఒరిగిరి.

మేము దిగిన బసను నడుపుచున్నది ఒక థకాలీ వృద్ధురాలు. ఆమె దీపము ఎత్తి బావగారి ముఖమును చూచినది. హిందీలో ఒక్కటే మాట చెప్పినది: ఇప్పుడే క్రిందికి తీసికొనిపొండు, దర్శనమైన తరువాత కాదు, ఇప్పుడే. బావగారు నా చేయి పట్టుకొని, "ఇంత దూరము వచ్చి, అరగంట నడకలోనున్న స్వామిని చూడక దిగుదునా? ఇచట ప్రాణము పోయినను ముక్తియే కదరా, ఆయన పేరే ముక్తినాథుడు" అనిరి.

సోదరులారా, ఆ మాట వినుటకు ఎంత యింపుగా ఉండెనో చెప్పజాలను. ముప్పదియేండ్లు పాఠము చెప్పిన నాకు ఆ క్షణమున ఒక్క ప్రమాణమును తోచలేదు. మా అక్కగారి ముఖము మాత్రము కన్నులయెదుట నిలిచెను. బలవంతముగా ఆయనను జీపులో కూర్చుండబెట్టించితిని. తెల్లవారునప్పటికి 2,720 మీటర్ల యెత్తుననున్న జోమ్‌సోమ్‌లో నుంటిమి. అచట వైద్యుడు చూచి, ఇంకను ఆలస్యమైనచో ప్రమాదమై యుండెడిదనెను. ఆ సాయంకాలమునకు తలనొప్పి తగ్గెను. మరునాటి సంధ్యలో నామములన్నియు వరుసగా వచ్చినవి. చివరి నామము చెప్పి, ఉత్తరీయము ముఖమునకు అడ్డము పెట్టుకొని, చిన్నపిల్లవానివలె ఏడ్చిరి. దర్శనము లేకయే ఊరు చేరితిమి. నాలుగు నెలలు ఆయన నాతో మాటలాడలేదు. మా యింటికి వచ్చినను వీధి అరుగుమీదనే కూర్చుండి, మా గృహిణిని మంచినీరడిగి త్రాగి పోయెడివారు.

ఆ నాలుగు నెలలును నేను పుస్తకములు తిరుగవేసితిని. నేను చేసినది ధర్మమా, భగవద్దర్శనమునకు విఘ్నము చేసిన పాపమా యని.

మొదట ఉపవాసపు సంగతి. వ్రతమునకు భంగము కలిగింపనివని ధర్మశాస్త్ర నిబంధములు ఎనిమిదింటిని లెక్కించినవి: నీరు, మూలము, ఫలము, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువుమాట, ఔషధము. ఈ యెనిమిదింటిలో నీరు మొదటిది, ఔషధము కడపటిది. మావద్ద రెండును ఉండెను; రెండింటిని ముట్టలేదు. శౌచవిధిలోను పగటికి విధించినదానిలో రాత్రికి సగమనియు, రోగికి అందులో సగమనియు, మార్గమున నున్నవానికి అందులోను సగమనియు స్మృతికారులు తగ్గించుచు వచ్చిరి. మన పూర్వులు బాటసారియెడల ఇంత దయగలవారు. మనమే మనయెడల దయలేనివారము.

ఇక "అచట ప్రాణము పోయినను ముక్తియే" యను మాట. పాండవులవలె ఉత్తరదిక్కునకు నడచిపోయి దేహము విడుచుటకు మహాప్రస్థానగమనమని పేరు. దానిని కలివర్జ్యములలో చేర్చి, ఈ యుగమున కూడదని నిబంధకారులు నిషేధించిరి. ఇది చాలనివారికి మన సంప్రదాయమునుండియే ఒక మాట. శేషభూతుడైన జీవునికి దేహము సొంతసొత్తు కాదు; అది శేషియైన స్వామి సొత్తు. "ఈ దేహము పోయినను సరే, నేను చూడవలెను" అనుటలో ఆ "నేను" ఎవరు? దర్శనాపేక్ష యను మేలిముసుగు కప్పుకొని వచ్చిన స్వాతంత్ర్యమే అది. బావగారిని నేను తప్పుపట్టుట లేదు. ఆ మాట నాకును ఇంపుగా తోచెనని చెప్పితిని కదా.

కొండయాత్రకు సన్నాహమెట్లో తెలియగోరువారు అరణ్యపర్వములోని తీర్థయాత్రను మరల చదువుడు. లోమశమహర్షి ధర్మరాజునకు మొట్టమొదట చెప్పిన హితమేమి? పరివారమును తగ్గించి తేలికగా నుండుమని. ఆకలిదప్పులను, చలిని, మార్గాయాసమును ఓర్వలేనివారిని ధర్మరాజు వెనుకకు పంపివేసెను. హిమవంతము మొదట సుబాహుని రాజ్యమున ఇంద్రసేనాదులను, వంటవారిని, సామగ్రిని విడిచి, కాలినడకను మెల్లమెల్లగా సాగిరి. అంత జాగ్రత్తగా సాగినను గంధమాదనమార్గమున ద్రౌపదీదేవి సొమ్మసిల్లినది. నకులుడు పట్టుకొనెను. కవలలు ఆమె పాదములు ఒత్తిరి. అప్పుడు భీముడు ఘటోత్కచుని తలచగా, అతడు వచ్చి ఆమెను మోసికొని బదరికి చేర్చెను. తక్కిన రాక్షసులు బ్రాహ్మణులను మోసిరి. మోయించుకొని పోయినందున ద్రౌపదీదేవికి బదరీయాత్రాఫలము తగ్గినదని వ్యాసభగవానుడు ఎచటను వ్రాయలేదు. గుఱ్ఱమెక్కుటకు సిగ్గుపడు వృద్ధులు ఈ ఘట్టమును గుర్తుంచుకొనవలెను.

వైద్యులు చెప్పునదియు దీనికి వేరుగా లేదు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎచటనైనను నూటికి ఇరువదియొకటియే. ఎత్తునకు పోయినకొలది గాలి పీడనము తగ్గును గనుక ఒక్కొక్క శ్వాసలో అందునది తగ్గును. ముక్తినాథమున మనకందు ప్రాణవాయువు సముద్రతీరమున అందుదానిలో మూడింట రెండువంతులకు కొంచెము లోపు. దేహము దీనికి అలవాటుపడగలదు, గడువిచ్చినచో. 2,500 మీటర్లు దాటినది మొదలు తలనొప్పి, వికారము, ఆకలి లేకుండుట, నిద్రపట్టమి పొడసూపవచ్చును. అట్టివేళ ఇంక పైకి పోరాదు, ఉన్నచోటనే నిలువవలెను. తగ్గనిచో దిగవలెను. కూర్చున్నను ఆయాసము, నురుగుతో దగ్గు, నడకలో తూలు, మాటలో తడబాటు కనబడినచో రాత్రియని, వర్షమని, ఏకాదశియని చూడక తత్‌క్షణమే దిగవలెను. దీనికి దిగుటను మించిన మందు లేదు. మూడువేల మీటర్లు దాటిన తరువాత పండుకొను స్థలము దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెరుగరాదనియు, మూడు నాలుగు దినములకొక దినము ఆగవలెననియు వైద్యుల నియమము. ముందుగా పుచ్చుకొనుటకు అసిటజోలమైడ్ అను మాత్ర యున్నది. వైద్యుడు చూచి ఇచ్చినగాని వాడరాదు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఆ మాత్ర మింగి ఒక్కదినమున ఎక్కివేయుదమనుకొనుట మరల మా మొదటి తప్పే.

అయిదవనెలలో ఒకనాడు బావగారు అరుగుమీదినుండి లోనికి వచ్చి, "ఈమారు పంచాంగము నీవు చూడుము" అనిరి. 2018వ సంవత్సరము ఆశ్వయుజమాసమున రెండవమారు బయలుదేరితిమి. అచటికి చైత్రవైశాఖములును, ఆశ్వయుజకార్తికములును అనుకూలమైన కాలములు. ఇరువురమును వైద్యునికి చూపించుకొంటిమి; బావగారి రక్తపుపోటు మాత్రలను ఆయన సరిచూచి, వానిని ప్రయాణములో ఒక్కపూటయు మానరాదని హెచ్చరించెను.

ఇంటికడ నడక అందరును చేయుదురు. ప్రయాణములోనే దేహము చెడునని ఎవ్వరును తలపరు. రెండు దినములు కాళ్లు మడుచుకొని కూర్చుండి, దొరికినది తిని, నిద్రలేక, నీరు త్రాగిన మూత్రవిసర్జనకు లేవవలసివచ్చునని నాలుక తడుపుకొని సరిపెట్టుకొని, వాడినతీగవలె కొండక్రింద దిగుదుము. అందుచేత ఈమారు రైలును సన్నాహములో భాగము చేసితిమి. పెద్ద స్టేషనులలో దిగి, బండి కదలు వేళను ముందుగా కనుగొని, ప్లాట్‌ఫారము పొడవున నడచితిమి. రాత్రి బస్సు మానితిమి. పొఖరాలో రెండు రాత్రులు నిద్రించి, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతమునకు ప్రవేశపత్రములు తీసికొని, సామాను మూటలు కట్టి నాలుగు గంటలు గుట్టదారుల తిరిగితిమి. క్రొత్త బూట్లు కొండమీద తొడుగరాదు. మావి రెండు నెలలు మా వీధులలో అరిగినవి. పాదరక్షలు లేకయే నడచెదనని మ్రొక్కుకొన్నవారు, ఆ మ్రొక్కును తమ యూరి కొండకు మార్చుకొనుట మేలు.

మడి సంగతి గృహిణులు తప్పక అడుగుదురు. తడిబట్ట ఆ చలిలో ఆరదు, ఒంటిమీద నుంచరాదు. ఉన్నిబట్టయు పట్టుబట్టయు మడికి పనికివచ్చునని పెద్దల ఆచారమున్నది. అది మనకు చాలును. వంట మరియొక చిక్కు. ఆ యెత్తున నీరు ఇంచుమించు 88 డిగ్రీలకే మరుగును. కందిపప్పు ఎంతసేపు ఉంచినను రాళ్లవలెనే యుండును. స్వయంపాకనియమము గలవారు చిన్న ప్రెషర్ కుక్కరు, పెసరపప్పు, అటుకులు తీసికొనిపోవలెను. బెల్లము, నువ్వులుండలు, వేయించిన సెనగపప్పు, శొంఠి మా సంచులలో నుండెను. శొంఠికషాయము చలికి హాయి. అది కొండజబ్బును మాన్పునని మాత్రము ఎవ్వరును భ్రమపడరాదు.

తాతోపానీ సుమారు 1,190 మీటర్లు. అచటినుండి నడక. ఇప్పుడు ముక్తినాథమువరకు మోటారుబాట యున్నది, జీపులు ధూళి రేపుకొనుచు పోవును. ఐనను పలుతావుల నది ఆవలిగట్టున కాలిబాటలున్నవి. ఘాసా, కాలోపానీ, మార్ఫా. ఒకవంక ధవళగిరి, మరియొకవంక అన్నపూర్ణ, రెండును ఎనిమిదివేల మీటర్లకు మించినవి, నడుమ కాళీగండకి. పగలు పదునొకండు గంటలు దాటినది మొదలు ఆ లోయలో దక్షిణపుగాలి ఇసుక చల్లుచు వీచును. సూర్యోదయమునకే బయలుదేరి మధ్యాహ్నమునకు బస చేరవలెను. మార్ఫాలో రెండు రాత్రులుంటిమి. తరువాత 2,800 మీటర్ల కాగ్‌బేని. అచట కాళీగండకీ సంగమమున పితృదేవతలకు పిండప్రదానము చేయుట ఆచారము. స్నానము, పాకము, శ్రాద్ధము, భోజనము; ఆ దినమంతయు అచటనే గడచును. ఆ రాత్రియు అచటనే. శ్రాద్ధము చేసి కూర్చుండినప్పుడు నాకు తోచినది: పూర్వులు ఇచట ఈ యాచారము నిలుపుటచే యాత్రికుని దేహము ఒక దినమాగి ఊపిరి సరిచేసికొనుచున్నది. జీపులో పోవువారు పితరులను దాటిపోవుదురు, ఆ విశ్రాంతిని కూడ దాటిపోవుదురు.

మా మూటలను మోసినవాడు ఇరువదేండ్ల కుఱ్ఱవాడు. అతని నడక ఒకవేళ వేగము, ఒకవేళ మందము. బావగారు విసుగుకొనబోయి, తమలో తామే నవ్వి ఊరకుండిరి. కారణమడిగితిని. "రహూగణుని పల్లకి జ్ఞప్తికి వచ్చినదిరా" అనిరి. భాగవత పంచమస్కంధమున భరతుడు తపస్సు చేసిన పులహాశ్రమము ఈ గండకీతీరముననే. లేడిపిల్లపై మమకారముచే లేడియై పుట్టి, ఆపై జడభరతుడై, రహూగణుని పల్లకి మోసి, నడక సరిలేదని ఆ రాజుచేత తిట్లు తినెను. తెనుగున ఆ స్కంధమును చెప్పినది పోతన కాదు, గంగన. ఆ సాయంకాలము బావగారు ఆ కుఱ్ఱవానికి తమ ఉన్ని మేజోళ్లు ఇచ్చి, అతని మూటనుండి అయిదు కిలోల బరువు తీయించిరి. తీసినది యేమనుకొంటిరి? ఊరిలో పంచిపెట్టుటకు ముందుగానే కొనియుంచిన ప్రసాదపు డబ్బాలు.

కాగ్‌బేని పైన మేమొక పరీక్ష ఏర్పరచుకొంటిమి. ప్రతి సాయంకాలము సంధ్య ముగిసిన పిమ్మట నేలమీద సున్నపుగీత గీసి, ఒక పాదపు మడమకు రెండవపాదపు వ్రేళ్లు తాకునట్లు ఆ గీతమీద నడచుచు, కేశవాది నామములు ఇరువదినాలుగును చెప్పవలెను. తూలినను, నామము తప్పినను మరునాడు ప్రయాణము లేదు. మొదట ఆయన, తరువాత నేను. అట్లు గీతమీద నడిపించుట వైద్యులును చేయు పరీక్షయే; నామములు మాత్రము మేము చేర్చుకొన్నవి. ఖింగరు 3,280 మీటర్లు; అచట నాకే తలనొప్పి వచ్చెను. గీతమీద తూలలేదు గాని నామములలో సంకర్షణుని దాటివేసితిని. బావగారు ఎంతమాత్రము ఒప్పుకొనలేదు. రెండవరాత్రియు అచటనే నిలిచితిమి. నిజమునకు నేను పొరబాటు పడితినో, దేహమే తప్పెనో తెలియదు. ఆయన ముఖమున మాత్రము గత సంవత్సరపు ఋణము తీర్చుకొన్న తృప్తి కనబడెను.

తరువాత ఝార్‌కోట్, 3,550 మీటర్లు. బసను ఇచటనే ఉంచుకొని, పైకి పోయి సేవించి, మరల దిగివచ్చి పండుకొనవలెనని మా నిర్ణయము. నూట యెనిమిది ధారల క్రింద తలనుంచి స్నానము చేయు విషయమునను ఒప్పందమైనది: ఆ మంచునీరు ఒక్కసారిగా మీదపడుట వృద్ధుల గుండెకు మంచిది కాదు గనుక, ఒక్కొక్క ధారను చేతితో తాకి శిరస్సుపై ప్రోక్షించుకొందుమని. ప్రోక్షణము స్నానమే యని శాస్త్రమున్నది.

ఆ సాయంకాలము ఆకాశము నిర్మలముగా నుండెను. పైన చెట్ల గుంపు నడుమ ఆలయప్రాంతము స్పష్టముగా కనబడుచుండెను. పగటి వెలుతురు ఇంకను ఉన్నది, పోదలచినచో పోవచ్చును. బావగారు ఒకమారు అటు చూచి, సున్నపుముక్క నా చేతికిచ్చి, "గీత గీయుము" అనిరి. కేశవనామముతో మొదలిడి మెల్లగా అడుగులు వేసిరి. త్రివిక్రమ, వామన. వామననామముకడ ఒక్క క్షణమాగి, నావంక చూచి నవ్వి, శ్రీధరనామమునకు పోయిరి. కడపటి నామముతో గీత చివర నిలిచి, "తెల్లవారినాక పోదము. నీవు నీరు త్రాగితివా?" అనిరి.